చివరి రేకు దాకా వట్టివేరు: చేత్తో చేసిన సబ్బులతో రెండేళ్లు

ఇవాళ పొద్దున ఒక వట్టివేరు సబ్బు ఆఖరికి వచ్చింది. అరిగి అరిగి పలుచటి రేకులా మిగిలింది, పట్టుకుంటే వంగుతోంది. తడిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అదే వాసన. వాన పడ్డ మట్టి, అప్పుడే తవ్విన వేరు, దాని వెనకాల ఎక్కడో సన్నటి పొగ. మొదటి రోజు కాగితం విప్పినప్పుడు కూడా ఇంత బాగా రాలేదు. ఈ ఒక్క సంగతి కోసం రెండేళ్లుగా ఒకే మనిషి దగ్గర సబ్బులు తెప్పించుకుంటున్నాను. మధ్యలో ఒకసారి మానేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ కథ కూడా చెప్తాను.

చేసేది ఒక్కావిడే. ఒక విడతకు ముప్పై నలభై బిళ్లలు పోస్తారు, అవి అయిపోతే మళ్లీ పోసి ఆరేదాకా ఆగాల్సిందే. కొబ్బరి నూనె, ఆలివ్ నూనె, కొంచెం ఆముదం, షియా బటర్ అనే గింజల కొవ్వు. ఇలాంటి సబ్బుల గురించి తెలిసినవాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు. అందుకని నేరుగా వాసన దగ్గరకే వస్తాను.

అప్పటిదాకా నేను వాడిన సబ్బులన్నీ ఒకే తీరు. పొట్లం విప్పగానే గది నిండిపోయేది. వారం తిరిగేసరికి సగం, సబ్బు సగం అరిగేసరికి అది ఏ సబ్బో చెప్పడం కష్టం. ఈ వట్టివేరు బిళ్ల వచ్చినప్పుడు కాగితం విప్పి వాసన చూస్తే దాదాపు ఏమీ లేదు. కొంచెం నిరాశపడ్డాను. మర్నాడు నీళ్లు తగిలాక కానీ అసలు సంగతి తెలియలేదు. చేతిలో రెండుసార్లు తిప్పేసరికి వాసన మెల్లగా లేచింది. వేడినీళ్లయితే ఇంకా బాగా లేస్తుంది. పొడిగా ఉన్నప్పుడు దాచుకుని, తడిసినప్పుడు ఇచ్చే సబ్బు ఇది. రోజూ కొంచెం కొంచెంగా ఇవ్వడం వల్లే కాబోలు ఆఖరిదాకా మిగిలింది.

తర్వాత చదివి, ఆవిణ్ని అడిగి తెలుసుకున్నదేమిటంటే, వట్టివేరు నూనె చాలా చిక్కగా ఉంటుంది, నెమ్మదిగా ఆవిరవుతుంది. అత్తరు తయారుచేసేవాళ్లు దాన్ని అడుగున ఉండే వాసనగా వాడేది అందుకే. పైన కలిపే తేలికపాటి వాసనల్ని కూడా అది కొంతసేపు పట్టి ఉంచుతుంది. దేవదారు నూనె, ప్యాచౌలీ అనే ఆకుల నూనె కూడా ఆ కోవలోవే. నిమ్మ, నారింజ తొక్కల నూనెలు దీనికి పూర్తిగా ఎదురు. వాటిలో ఎక్కువ భాగం లిమోనీన్ అనే పదార్థం, అది ఇట్టే ఎగిరిపోతుంది. పైగా సబ్బు తయారయ్యేటప్పుడు అది నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా ఘాటునీ వేడినీ తట్టుకోవాలి, ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు గాలికి ఆరాలి. అంతా గడిచి మన చేతికి వచ్చేసరికి నిమ్మ వాసనలో ఎంత మిగులుతుందో ఊహించుకోవచ్చు. లావెండర్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. నా దగ్గర మూడు నెలలు బాగుంది, ఆ తర్వాత పలచబడింది.

ఇక్కడ ఒక మాట సరిదిద్దుకోవాలి. మొదటి ఆరు నెలల్లో కనిపించినవాళ్లందరికీ ఈ సబ్బుతో స్నానం చేస్తే సాయంత్రందాకా ఒంటిమీద వాసన ఉంటుందని చెప్పాను. అప్పుడు నిజంగా అలాగే అనిపించింది. తర్వాత జాగ్రత్తగా గమనిస్తే ఒంటిమీద ఉండేది అరగంట, మహా అయితే గంట. సాయంత్రం నాకు తగిలిన వాసన తువ్వాలుది, స్నానాల గదిది. సబ్బు నీళ్లతో కడుక్కుపోయేదే కదా, ఎంత మంచి నూనె వేసినా చర్మం మీద మిగిలేది కొంచెమే. నా మాట విని కొనుక్కున్నవాళ్లలో ఒకరు నాకు అసలు నిలవట్లేదే అని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే. రోజంతా నిలిచే వాసన కావాలనుకునేవాళ్లకు ఇది సరిపోదు. స్నానం చేసే ఆ పది నిమిషాలు బాగుండాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకంటే మంచిది నేను చూడలేదు.

ఇక ఆ కోపం సంగతి.

మొదటి ఏడాది మధ్యలో రెండుసార్లు నాకు కావలసిన సబ్బు దొరకలేదు. ఇంకో విడత ఆరేదాకా ఐదు వారాలు ఆగమన్నారు. మళ్లీ అలా కాకూడదని మూడోసారి ఒకేసారి ఎనిమిది తెప్పించాను. నాలుగు వట్టివేరు, నాలుగు నిమ్మ. ఆ నిమ్మ సబ్బు అప్పుడే కొత్తగా చేశారు. మొదటి బిళ్ల వాడినప్పుడు చాలా బాగుంది, పొద్దున్నే నిద్ర వదలగొట్టే వాసన. మిగతా మూడింటినీ ఒక తీగ బుట్టలో పెట్టి, బుట్టను ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, వాసన పోకుండా మూత గట్టిగా బిగించి అలమరలో పైన పెట్టాను. వట్టివేరువి నాలుగూ కాగితం కూడా విప్పకుండా కింది అరలో ఉన్నాయి.

ఏడు నెలల తర్వాత ఆ డబ్బా తెరిచాను. మూత తీయగానే వచ్చింది నిమ్మ వాసన కాదు. ఎప్పుడో మర్చిపోయిన నూనె సీసా తెరిస్తే వచ్చే ముక్కిపోయిన కంపు, దాంట్లో పిల్లల మైనపు రంగుపెన్సిళ్ల వాసన కలిసినట్టు. బిళ్లల మీద నారింజ రంగు మచ్చలు. కొన్నిచోట్ల చిన్న చిన్న జిడ్డు చుక్కలు, చెమట పట్టినట్టు. నిమ్మ జాడ లేదు. మూడూ అంతే. ఎంతో ఇష్టపడి దాచుకున్నవి కావడంతో బాగా బాధేసింది. పైగా ఆ సబ్బు నేను ఇద్దరికి విడిగా తెప్పించి కానుకగా ఇచ్చి ఉన్నాను. వాళ్ల ఇళ్లలో కూడా ఇలాగే అయిందేమో, మొహమాటానికి చెప్పలేదేమో అని అదో టెన్షన్.

ఆ రాత్రే ఆవిడకు రాశాను, కోపంగానే రాశాను. పాత నూనె వాడారా అని కూడా అడిగేశాను. మర్నాడు జవాబొచ్చింది. సమర్థించుకోలేదు. పొట్లం మీద ఉన్న విడత నంబరు చెప్పమన్నారు, బిళ్లల్ని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పంపమన్నారు. పంపాను. రెండు రోజుల తర్వాత వచ్చిన జవాబులో ఒక వాక్యం చదివి లేచి వెళ్లి మళ్లీ ఆ సబ్బులు చూశాను. "అడుగు వైపు ఫొటో ఒకసారి చూడండి, మచ్చలు గీత గీసినట్టు వరసగా ఉన్నాయి" అని రాశారు.

నిజమే. పైన మచ్చలు చెదురుమదురుగా ఉన్నాయి కానీ అడుగున మూడు గీతలు. బుట్ట తీగలు ఎక్కడ తగిలాయో సరిగ్గా అక్కడ. ఆ బుట్ట తీగకు పైపూత లేచిపోయి లోపల తుప్పు పట్టింది, నేను గమనించనే లేదు. ఇనుము, రాగి లాంటి లోహాలు తగిలితే సబ్బులో మిగిలిన నూనె గాలితో కలిసి త్వరగా చెడిపోతుందని, మచ్చలు అలా మొదలవుతాయని రాశారు. మూత బిగించిన డబ్బాలో, అలమర పైన వేడిలో పెట్టడం ఇంకో కారణం. చల్లటి, గాలి ఆడే చోట చెక్క మీద పెట్టుకోవాలట.

అంతటితో ఆపి ఉంటే తప్పు నా మీదికి తోసేశారనే అనిపించేది, ఆ సబ్బుల జోలికి మళ్లీ వెళ్లకపోవడం మాత్రం ఖాయం. కానీ ఆవిడ ఇంకో ఫొటో కూడా పెట్టారు. ప్రతి విడతలో ఒక బిళ్ల తన దగ్గరే చెక్క అరలో ఉంచుకుంటారట, ఎన్నాళ్లకు ఎలా మారుతుందో చూడటానికి. నా విడత తాలూకు బిళ్ల ఫొటో అది. దాని మూల మీద కూడా ఒక మచ్చ ఉంది. "మీ బుట్ట వల్ల త్వరగా వచ్చింది, కానీ నా దగ్గర కూడా వచ్చిందంటే నా లెక్కలోనూ తప్పుంది" అని రాశారు.

ఆ లెక్క ఏమిటో కూడా చెప్పారు. సబ్బు పోసేటప్పుడు కాస్టిక్ సోడాకు సరిపడే దానికంటే కొంచెం ఎక్కువ నూనె వేస్తారు. ఆ ఎక్కువ నూనె సబ్బుగా మారకుండా అలాగే మిగిలి చర్మానికి మెత్తదనం ఇస్తుంది. మామూలుగా ఐదు శాతం దాకా మిగిల్చేవారు. నిమ్మ సబ్బు ఇంకా మెత్తగా ఉండాలని ఆ విడతలో ఎనిమిది శాతం మిగిల్చారు, ఆలివ్ నూనెలో కొంత తగ్గించి పొద్దుతిరుగుడు నూనె వేశారు. పొద్దుతిరుగుడు నూనెలో లినోలియిక్ ఆమ్లం ఎక్కువ, గాలి తగిలితే త్వరగా చెడేది అదే. కొబ్బరి నూనె అంత తేలిగ్గా చెడదు. ఎక్కువ నూనె మిగల్చడం, ఆ మిగిలింది త్వరగా చెడే నూనె కావడం, రెండూ కలిశాయి. తర్వాతి విడత నుంచి మళ్లీ ఐదు శాతానికి వచ్చారు, పొద్దుతిరుగుడు నూనె మానేశారు, లోహాల్ని పట్టి ఉంచడానికి సోడియం సిట్రేట్ కలుపుతున్నారు. నాకు మూడు బిళ్లలు మళ్లీ పంపారు, నేను అడగకుండానే. నేను కానుక ఇచ్చినవాళ్లకు కూడా పంపిస్తానన్నారు. వాళ్లు అప్పటికే వాడేశారు, బాగానే ఉందన్నారు.

ఆ కొత్త నిమ్మ బిళ్లల్లో ఒకటి ఏడాదిగా గదిలో చెక్క పలక మీద పెట్టి చూస్తున్నాను. మచ్చ రాలేదు. కానీ నిమ్మ వాసన ఐదో నెలకే పోయింది. ఇప్పుడు లిట్సియా అనే చెట్టు కాయల నూనె, నిమ్మగడ్డి నూనె కలుపుతున్నారు, వాటిలో నిమ్మ వాసన కొంచెం ఎక్కువ రోజులు నిలుస్తుందట. నిలిచింది కూడా, అయినా వట్టివేరుతో పోల్చలేం. వాసన త్వరగా తగ్గుతుందని, మూడు నెలల్లో వాడెయ్యమని పొట్లం మీద రాస్తే బాగుంటుందని చెప్పాను. ఇంకా రాయలేదు. నా ఫిర్యాదు ఏదైనా మిగిలి ఉందంటే అది ఇదే.

పొట్లం మీద రాసేవాటిలో ఒకటి మాత్రం నాకు చాలా పనికొచ్చింది, పోసిన తేదీ. పోసిన తేదీ ఉంటే ఎన్ని వారాలు ఆరిందో లెక్క పెట్టుకోవచ్చు. పోసిన ఒకటి రెండు రోజుల్లోనే కాస్టిక్ సోడా దాదాపు అంతా నూనెతో కలిసి సబ్బయిపోతుంది. మిగతా వారాలన్నీ నీరు ఆరి బిళ్ల గట్టిపడటానికి. ఒకసారి మూడున్నర వారాల బిళ్ల వచ్చింది. తూచి పెట్టాను, 118 గ్రాములు. ఇంకో మూడు వారాలు అలాగే ఉంచితే 109కి దిగింది. ఆ విడతలోనే ఆరబెట్టకుండా వాడిన ఇంకో బిళ్ల పదిహేను రోజులకే కరిగిపోయింది. ఆరబెట్టింది నెల వచ్చింది. అందుకని ఇప్పుడు ఎన్ని వారాల బిళ్ల వచ్చినా ఆరు వారాలు నిండేదాకా ముట్టుకోను. అడుగున నీళ్లు నిలవని సబ్బు పెట్టె ఉండటం కూడా ముఖ్యం. నీళ్లలో నానితే ఎంత ఆరిన బిళ్లయినా జావలా అయిపోతుంది.

ఒంటికి రుద్దుకునే స్క్రబ్‌ల గురించి అంత ఉత్సాహంగా చెప్పలేను, కానీ ఒక విషయంలో అవి సబ్బును మించాయి. చక్కెర, నూనె, వట్టివేరు కలిపిన డబ్బా ఒకటి. నూనె ఒంటిమీద పలుచగా మిగులుతుంది కాబట్టి వాసన కూడా సబ్బు కంటే బాగా ఎక్కువసేపు ఉంటుంది. సాయంత్రందాకా అని నేను సబ్బు గురించి చెప్పిన మాట నిజానికి దీనికే సరిపోతుంది. మొదట్లో వారానికి మూడుసార్లు రుద్దాను. చర్మం నునుపుగా ఉందని మురిసిపోయాను కూడా. నెల తిరిగేసరికి మోచేతుల పైన ఎర్రబడి, నీళ్లు పడితే మండటం మొదలైంది. ఇప్పుడు పది రోజులకు ఒకసారి, అదీ గట్టిగా రుద్దకుండా. ముఖానికి అసలు వాడను. ఉప్పుతో చేసినది కూడా ఉంది, పాదాలకు బాగుంటుంది. కాళ్లు షేవ్ చేసుకున్న రోజు మాత్రం దాని జోలికి వెళ్లకండి, మంట మామూలుగా ఉండదు.

డబ్బాలో తడి చెయ్యి పెట్టకూడదన్నది నేను మొదటి డబ్బా పోగొట్టుకున్నాక నేర్చుకున్నాను. ఇందులో నీళ్లు లేవు కాబట్టి బూజు పట్టకుండా ఉండే మందు కలపరు. విటమిన్ ఇ కలిపామని రాసి ఉంటుంది, అది నూనె ముక్కిపోకుండా ఆపుతుంది, బూజును ఆపలేదు. స్నానం మధ్యలో తడి చేత్తో తీస్తూ ఉంటే నీళ్లు చేరి నెలన్నరకు అంచున బూజు పట్టింది. డబ్బా పారేశాను. ఇప్పుడు స్నానానికి ముందే పొడి చెంచాతో చిన్న గిన్నెలోకి తీసుకుంటాను. ఇంకో జాగ్రత్త, నేల. నూనె పడ్డ టైల్స్ మీద కాలు జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్లు స్నానానికి వెళ్లేలోపు వేడినీళ్లు పోసి, మామూలు సబ్బునీళ్లతో కడిగెయ్యాలి.

మా ఇంట్లో ఒకరికి లావెండర్ సబ్బు పడలేదు. మెడ మీద దురద వచ్చింది. మొక్కల నూనె కదా, ఏమవుతుందిలే అనుకున్నాం. లావెండర్‌లో ఉండే లినలూల్ గాలి తగిలి మారినప్పుడు కొందరికి అలర్జీ కలిగిస్తుంది. ఒంటికి రాసుకుని కడిగేసే వస్తువుల్లో అది 0.01 శాతం దాటితే పొట్లం మీద పేరు విడిగా రాయాలని యూరప్ నిబంధనల్లో ఉంది. ఈవిడ రాస్తారు, చిన్న అక్షరాల్లో అడుగున. మేమే చదవలేదు. అప్పటి నుంచి కొత్త వాసన ఏది వచ్చినా ముందు మోచేతి మడత దగ్గర రెండు మూడు రోజులు రాసి చూస్తున్నాం.

మీకు ఈ సబ్బులు నప్పుతాయా అంటే, నా పరిస్థితి చెప్తాను, మీరే చూసుకోండి. నాది కొంచెం పొడి చర్మం. ఒంటికి ఇవి బాగా పడ్డాయి, ముఖానికి పడలేదు, బిగుసుకుపోయినట్టు అయ్యేది. నూనెతో చేసే ఏ సబ్బుకైనా క్షారగుణం ఉంటుంది, చేత్తో చేసినంత మాత్రాన అది పోదు. తలకు ఒకసారి వాడి చూశాను, జుట్టు జిగటగా అయింది. అందుకు మా నీళ్లూ కారణమే. మాది హార్డ్ వాటర్. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా గోడలకు పడతాయి, వారానికి ఒకసారి తోమాలి. నురగ కూడా తక్కువే. వేరే ఇంట్లో రెండు వారాలు ఉన్నప్పుడు ఇదే బిళ్ల చేతినిండా నురగ ఇచ్చింది, అక్కడిది సాఫ్ట్ వాటర్. కాబట్టి నురగ విషయంలో నా మాట పట్టుకోవద్దు, మీ నీళ్లను బట్టి ఉంటుంది. ఇంట్లో నలుగురైదుగురు ఒకే సబ్బు వాడుతుంటే మాత్రం ఇది గిట్టుబాటు కాకపోవచ్చు. నా బిళ్ల నేనే వాడుకుంటాను, అందుకే నెల వస్తోంది.

దాచుకోవడం మానేశాను. మూడు నెలలకు సరిపడా మాత్రమే తెప్పిస్తున్నాను, కాగితం పొట్లాల్లోనే, చెక్క అరలో, ఒకదానికొకటి తగలకుండా పెడుతున్నాను. ఆ తీగ బుట్ట పారేశాను.

ఇవాళ మిగిలిన రేకును కొత్త బిళ్ల మీద అతికించాను. రెంటినీ బాగా తడిపి, నురగ వచ్చాక గట్టిగా నొక్కి రాత్రంతా వదిలేస్తే ఒకటైపోతాయి. కొత్తది లావెండర్. పైన వట్టివేరు పొర ఉన్నన్ని రోజులు రెండు వాసనలూ కలిసి వస్తాయి, అది నాకు ఇంకా ఇష్టం. సాయంత్రం ఆర్డర్ పెట్టాను. మూడు వట్టివేరు, ఒక నిమ్మ. నిమ్మది ఏ తేదీన పోసిందో ముందే అడిగాను. ఏడు వారాలైందట.